మా ప్లస్ త్రీ (డిగ్రీ) కాలేజీకి ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ పెట్టాలంట, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి (గుణుపురం వైపు)

గుణుపురం_లెక్చరర్:

నమస్తే అండి అందరికీ. నాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఇంట్లో తెలుగు, స్టాఫ్ రూమ్‌లో ఒడియా, పాఠం పుస్తకం ఇంగ్లీషు. మా పిల్లల్లో తెలుగు ఇళ్లవాళ్లు, ఒడియా వాళ్లు ఉన్నారు, పుట్టాసింగి కొండల మీంచి దిగొచ్చే సవర పిల్లలున్నారు, బిసంకటక్ వైపు నుంచి కువి మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ప్లస్ త్రీ ఆర్ట్స్, సైన్స్ రెండే మాకు.

ఇప్పుడు కాలేజీకి సొంత ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ కావాలని కమిటీ వేసి నన్ను కన్వీనర్‌ని చేశారు. పోయిన నెల ఒక కంపెనీ వాళ్లు వచ్చి డెమో చూపించారు. లైవ్ క్లాసులు, మొహం చూసి హాజరు వేసుకోవడం, ఎవరు ముందున్నారో చూపించే ర్యాంకుల బోర్డు, అన్నీ ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉంది గానీ డెమో జరుగుతుండగానే మా కాలేజీ వైఫై మీద వీడియో రెండుసార్లు ఆగిపోయింది, వాళ్లబ్బాయి తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మిగతాది చూపించాడు. కమిటీలో మిగతావాళ్లు సంతకం పెట్టేద్దాం అంటున్నారు. నాకు చెయ్యి రావట్లేదు. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

2020 లాక్‌డౌన్‌లో అందరిలాగే మేమూ వాట్సాప్ మీదే నడిపించాం. ఒక అసైన్‌మెంట్ ఇచ్చి, రాసి ఫోటోలు తీసి పంపమన్నాను. కొండ మీది ఊరి నుంచి ఒక అమ్మాయి, ఫస్ట్ ఇయర్, ఆరు పేజీలు రాసింది. ఆ ఫోటోలు నాకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ముందు ఆరో పేజీ వచ్చింది, తర్వాత ఒకటి, మర్నాడు రాత్రి రెండు గంటలకి రెండూ మూడూ, ఇంకో రోజుకి అయిదు. నోట్‌బుక్ కదలకుండా చేట బోర్లించి దాని మీద పెట్టి తీసినట్టుంది, ప్రతి ఫోటో అంచునా ఆ వెదురు అల్లిక కనపడుతుంది. నాలుగో పేజీ రాలేదు. నేను ఇంకో మూడు రోజులు చూసి, ఇంటర్నల్ మార్కులు పంపాల్సిన గడువు దగ్గరపడిందని ఉన్నవాటికే మార్కులు వేసి పంపించేశాను. కాలేజీ తెరిచాక ఆ పిల్ల నోట్‌బుక్ తెచ్చి చూపించింది. డిమాండ్ రేఖ మొత్తం పక్కకి జరగడానికీ అదే రేఖ మీద కదలడానికీ తేడా ఏంటన్నది ప్రశ్న. అసలు జవాబంతా ఆ నాలుగో పేజీలోనే ఉంది. స్కేలు పెట్టి గీసిన బొమ్మ, పక్కన వాళ్ల సంతలో చింతపండు ధరతో ఉదాహరణ. అది నేను క్లాసులో చెప్పిన ఉదాహరణ కాదు, తనే ఆలోచించుకుంది. "సార్ నేను పంపాను, ఒక టిక్కు కూడా పడలేదు" అంది. అంతే, మార్కులు అడగలేదు.

ఆ నాలుగో పేజీ పోకుండా చూసే ప్లాట్‌ఫామ్ కావాలి నాకు. మొహం చూసి హాజరు వేసుకునేది కాదు. సొంతంగా తయారు చేయించాలా, ఉన్నదేదైనా తీసుకోవాలా? లైవ్ క్లాసులు అసలు అవసరమా? ఇన్ని భాషల పిల్లలకి తెర మీద ఏ భాష పెట్టాలి? ఫోనే లేనివాళ్లని ఏం చెయ్యాలి? ఇలాంటి చోట్ల పని చేసినవాళ్లు ఉంటే దయచేసి రాయండి.


విశాఖ_కోడర్:

సార్, మాది పర్లాకిమిడి, ప్రస్తుతం వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ పని. ముందుగా ఒక్క మాట, ఇప్పుడే సంతకం పెట్టకండి. కంపెనీ వాళ్లది మంచిదో చెడ్డదో నేను చెప్పలేను గానీ, రేపు డబ్బు కట్టడం ఆగిపోతే మీ పాఠాలు, మార్కులు మీ చేతికి ఏ రూపంలో వస్తాయని రాతపూర్వకంగా అడగండి, దానికి సరైన జవాబు రాకపోతే వదిలేయండి.

సొంతంగా మొదట్నించీ కట్టించొద్దు. పాఠాలు, క్విజ్‌లు, మార్కులు అన్నీ ఒకచోట పెట్టుకునే మూడల్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకోండి. 2002లో వచ్చింది, ఉచితం, కోడ్ మొత్తం తెరిచి ఉంటుంది, ఎవరైనా మార్చుకోవచ్చు. దాన్ని తయారుచేసిన మార్టిన్ డౌగియామాస్ చిన్నప్పుడు ఆస్ట్రేలియా ఎడారిలో, బడికి వెళ్లే వీలు లేని చోట రేడియో మీద పాఠాలు విని చదువుకున్నాడు, పుస్తకాలూ పేపర్లూ విమానంలో వచ్చేవంట. అంటే మీ నాలుగో పేజీ బాధ ఆయనకి కొత్తది కాదు. మూడల్ మొబైల్ యాప్‌లో పాఠాలు ముందే దించుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు, టీచర్ ఆ ఆప్షన్ ఆన్ చేస్తే క్విజ్ కూడా నెట్ లేకుండా రాసి తర్వాత సిగ్నల్ వచ్చినప్పుడు సింక్ చేయొచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, క్విజ్‌కి టైమ్ లిమిట్ పెడితే ఆఫ్‌లైన్ కుదరదు. కాబట్టి ఇరవై నిమిషాల్లో రాసెయ్యాలి అనే అలవాటు మానుకోవాలి, చివరి తేదీ ఇచ్చి వదిలేయాలి.

ఇప్పుడు సైజుల లెక్క. 720 పిక్సెల్ వీడియో సెకనుకి ఒకటిన్నర మెగాబిట్ అనుకుంటే గంట పాఠం దాదాపు 675 ఎంబీ. అదే మీ గొంతు మాత్రం 24 కిలోబిట్ ఓపస్ అనే ఆడియో ఫార్మాట్‌లో పెడితే గంటకి 11 ఎంబీ లోపే. బోర్డు మీద గీసే బొమ్మలు ఒక పన్నెండు, ఒక్కోటి 60 కేబీ చొప్పున వేసుకున్నా ఇంకో ముప్పావు ఎంబీ. అంటే 12 ఎంబీలో గంట పాఠం. ఎకనామిక్స్‌కి మీ మొహం కనపడాల్సిన పని లేదు సార్, గొంతూ రేఖా చాలు. సైన్స్ ల్యాబ్ లాంటివి మాత్రం వీడియో కావాలి, అవి రెండు మూడు నిమిషాల ముక్కలుగా చేసి పెట్టండి.

మీ అసలు సమస్య అప్‌లోడ్. ఫోన్ కెమెరా ఒక్కో ఫోటో 3, 4 ఎంబీ తీస్తుంది, ఆరు పేజీలు అంటే 20 ఎంబీ పైమాటే. నోట్‌బుక్ పేజీని నలుపు తెలుపు చేసి వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గిస్తే 200 కేబీ లోపు పడుతుంది, అక్షరాలు చక్కగా కనపడతాయి. ఈ తగ్గించే పని సర్వర్‌కి చేరాక కాదు, పిల్ల ఫోన్‌లోనే, పంపే ముందే జరగాలి. తర్వాత, ఫైలుని ముక్కలు చేసి ఏ ముక్క దాకా చేరిందో గుర్తుపెట్టుకుని సిగ్నల్ వచ్చాక అక్కణ్ణించే మళ్లీ మొదలెట్టే పద్ధతి ఉంది, టస్ అని ఒక ఓపెన్ ప్రోటోకాల్, ఎవరైనా వాడుకోవచ్చు. ఇవి రెండూ మూడల్‌కి పక్కన చిన్న పేజీగా నేను రాసిపెడతాను, డబ్బులేం వద్దు, మా చెల్లి కూడా మీ వైపే చదివింది.

ఇంకోటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. "మొత్తం 6, చేరినవి 5, 4వ పేజీ రాలేదు" అని ఇటు పిల్లకీ అటు మీకూ కనపడాలి. ఆ రోజు మీకు అయిదు ఫోటోలే కనపడ్డాయి, ఇంకో పేజీ దారిలో ఉందని మీకు చెప్పే నాథుడు లేడు. చేరనిది చేరలేదని తెర మీద కనపడితే మీరు మార్కులు ఆపి ఫోన్ చేసేవాళ్లు కదా.


ప్లస్3_సెకండియర్:

నమస్తే సార్. నేను మీ కాలేజీ కాదు, గజపతి జిల్లాలో చదువుతున్నాను. స్టూడెంట్స్ సైడ్ నుంచి చెప్పొచ్చా.

ఓటీపీ పెట్టొద్దు సార్ ప్లీజ్. మా ఇంట్లో ఫోన్ తమ్ముడూ నేనూ కలిపి వాడతాం, కాలేజీలో ఫస్ట్ ఇయర్ ఫారంలో మాత్రం నాన్న నంబర్ రాశాం. నాన్న చెన్నైలో కన్‌స్ట్రక్షన్ పనిలో ఉంటారు. ఫారం నింపే సైట్ ఓపెన్ చేస్తే ఓటీపీ నాన్నకి వెళ్తుంది, ఆయన సెంట్రింగ్ మీద ఉంటే ఫోన్ కింద సంచిలో ఉంటుంది, సాయంత్రం ఆరింటికి చూసి ఫోన్ చేసి ఆ ఆరంకెలూ చదువుతారు, అప్పటికి అది పనిచెయ్యదు. మూడు రోజులు ఇలా అయింది, చివరికి ఆయన ఒక పూట పని మానుకుని ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. ఒక పూట కూలి పోయింది సార్. రోల్ నంబరూ పాస్‌వర్డూ చాలు, మర్చిపోతే కాలేజీలో మేడమ్ దగ్గరికెళ్లి మార్పించుకుంటాం. ఒక ఫోన్‌లో ఇద్దరు లాగిన్ అయ్యేలా కూడా ఉండాలి.

తర్వాత ఫోన్‌లో ప్లేస్ ఉండదు సార్. యాప్ ఒకటి, మళ్లీ దానికి అప్‌డేట్ అంటే ఫోటోలు డిలీట్ చేసుకోవాలి, మా నానమ్మ ఫోటోలు అలాగే పోయాయి. బ్రౌజర్‌లోనే పని జరిగేట్టు ఉంటే మంచిది.

పీడీఎఫ్‌లు ఇస్తారు కదా, పాత ఒడియా నోట్స్ అక్రుతి ఫాంట్‌లో టైప్ చేసిన ఫైళ్లు అలాగే పంపితే ఫోన్‌లో అన్నీ పిచ్చి గుర్తులే వస్తాయి. తెలుగు నోట్స్ అను ఫాంట్‌లో పంపినా అదే. స్కాన్ చేసి ఫోటోగా పంపితే కనపడుతుంది గానీ ఒక మాట వెతకాలంటే దొరకదు, సైజు కూడా పెద్దది. ఏ ఫోన్‌లోనైనా కనపడే యూనికోడ్‌లో టైప్ చేసి పెడితే ఒక ముప్పై పేజీలు కూడా వెంటనే తెరుచుకుంటాయి.

లైవ్ క్లాస్‌లో కెమెరా ఆన్ చేయమంటే చాలామంది అమ్మాయిలు అసలు జాయిన్ అవ్వం. ఒక గది ఇల్లు, వెనకాల అమ్మ వంట చేస్తుంటుంది, ఎలా ఆన్ చేస్తాం. సార్ వాయిస్ రికార్డ్ అయితే రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండు మూడుసార్లు వినొచ్చు. నాకు స్టాటిస్టిక్స్‌లో కోరిలేషన్ అలానే అర్థమైంది, క్లాసులో అర్థం కాలేదు.

ముందు పాత క్వశ్చన్ పేపర్లు పెట్టండి సార్. అవి ఉంటే అందరూ వస్తారు.


సిరొంచ_మాస్టరు:

నమస్తే సార్. నేను మహారాష్ట్ర దిక్కు నుంచి, గడ్చిరోలి జిల్లా సిరొంచ. గోదావరి అవతల కాళేశ్వరం, ఇవతల మేం. ఇండ్లల్ల తెలుగు, బడిల మరాఠీ, అడవి దిక్కు పోతె గోండి, మాడియా. జిల్లా హెడ్‌క్వార్టర్ దగ్గర దగ్గర రెండొందల కిలోమీటర్లు. మీ బాధ మాకు కొత్త గాదు.

విశాఖ తమ్ముడు చెప్పింది మంచిగనే ఉంది, కాని ఆయన చెప్పేదంత నెట్ ఎప్పుడో అప్పుడు వస్తదనుకుని చెప్పేది. మా దిక్కు వానాకాలంల వాగులు పొంగితె కేబుల్ తెగి వారం రోజులు రాని రోజులున్నయి. అందుకే మేం సర్వర్‌నే కాలేజిల పెట్టినం. రాస్ప్‌బెర్రీ పై అని అరచేతంత కంప్యూటర్, ఫోన్ చార్జర్ లెక్క చిన్న అడాప్టర్ మీద నడుస్తది. దాంట్ల మూడల్ వేసి ఇచ్చే మూడల్‌బాక్స్ అని రెడీమేడ్ ఉంది, కార్డుల ఎక్కించి పెడితె దానంతటదే వైఫై ఇస్తది. ఇంటర్నెట్ లేకున్న పిల్లలు ఆ వైఫై పట్టుకుని పాఠాలు దించుకుంటరు, రాసినయి ఎక్కిస్తరు, ఒక్క పైసా డేటా కాదు. మేం మొదట నెట్ లేకుంట పాఠాలు చూపించే కొలిబ్రి పెట్టినం, అది లెర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థది, 2012ల ఖాన్ అకాడమీ వీడియోలను నెట్ లేకుంట చూపిద్దామని కేఏ లైట్ చేసినోళ్లే తర్వాత ఇది చేసిండ్రు. ఇంటర్ దాటి వచ్చిన పోరగాళ్లకు లెక్కల పునాది సరిచెయ్యడానికి చాన పనికొచ్చింది. డిగ్రీ పాఠాలకు మాత్రం మూడల్. వికీపీడియాను నెట్ లేకుంట చదివించే కివిక్స్ కూడ అదే డబ్బాల పెట్టినం.

ఇగ మేం దెబ్బలు తిన్న సంగతులు చెప్త. కరెంటు ఊకె పోయి వచ్చుడుతోని మెమరీ కార్డు రెండుసార్లు పాడైంది, రెండోసారి సెమిస్టర్ మధ్యల, పిల్లలు రాసినయి కొన్ని పోయినయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. అప్పటి సంది కార్డు తీసేసి ఎస్ఎస్‌డీ డిస్క్ పెట్టినం, చిన్న యూపీఎస్ పెట్టినం, ప్రతి రోజు సాయంత్రం బ్యాకప్ పెన్‌డ్రైవుల తీసి నేను ఇంటికి తీసుకపోత. రెండోది, దాంట్లనే ఉన్న వైఫై ఇరవై మంది దాక గుంజుతది, క్లాసు మొత్తం ఎక్కితె ఆగమైతది, పక్కకు వేరే వైఫై రూటర్ పెట్టాలె. మూడోది, కాలేజి డబ్బాల ఉన్న మూడల్‌కు, బయట ఇంటర్నెట్ మీది మూడల్‌కు మార్కులు వాటంతటయి కలవవు. పాఠం బ్యాకప్ ఫైలు తీసి ఇక్కడ రీస్టోర్ చేసుకుంటం, మార్కులు ఎక్సెల్‌ల కలుపుకుంటం. తమ్ముడు దీనికి ఏదన్న ఉపాయం చెప్తె పుణ్యం.

డబ్బా ఎక్కడ పెట్టాలెనన్నది కూడ ఆలోచించుండ్రి. మేం మొదట ప్రిన్సిపాల్ గదిల పెట్టినం, పిల్లలు ఆ దిక్కే రాలే. తర్వాత లైబ్రరీ వరండాల పెట్టినం. నాలుగ్గంటలకు ఎస్టీ (సర్కారు) బస్సు, మూడున్నరకు వరండా నిండిపోతది. ఒకనికి ఫోన్ లేదు, దోస్తుగాని ఫోన్ల దించుకుని ఇద్దరు ఒకటే ఇయర్‌ఫోన్ చెరొక చెవిల పెట్టుకుని బస్సుల వినుకుంట పోతరు. ఫోన్ లేనోళ్ల కోసం పాత కంప్యూటర్లు రెండు అక్కడ్నే పెట్టినం, ప్రింటు కావాలంటె ప్రింటు ఇస్తం. ఇగ వాళ్లకు ఆన్‌లైన్ అంటె గదే.


బరంపురం_రిటైర్డ్:

బాబూ, నేను బరంపురంలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను. మీరంతా యంత్రం గురించి బాగా చెప్పారు. నేను దాని వెనక ఉండాల్సిన మనిషి గురించి చెప్తాను.

దూరాన ఉన్నవాళ్లకి చదువు పంపడం ఇవాళ మొదలైంది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఒక ఏడాది, ఇస్రో వాళ్లు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 వాడుకుని సైట్ అని ఒక ప్రయోగం చేశారు. ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లలో టీవీలు పెట్టారు, అందులో ఆంధ్రా ఉంది, మన ఒడిశా ఉంది. తెలుగులో, ఒడియాలో కార్యక్రమాలు వచ్చాయి. చాలా గొప్ప పని. ఏడాది అయ్యాక ఉపగ్రహం వాళ్లది వాళ్లకి వెళ్లిపోయింది. తర్వాత 2004 సెప్టెంబర్‌లో శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఎడ్యుశాట్ అని మన సొంత ఉపగ్రహం పంపారు, ఆరేళ్లు పనిచేసింది. నేను ఒక కాలేజీకి వెళ్తే గొడుగులాంటి ఆ యాంటెనా మేడ మీద తుప్పు పట్టి ఉండేది, కింద గదికి తాళం. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే అటెండర్ సెలవులో ఉన్నాడన్నారు. యాంటెనాది తప్పు కాదు. ఆ గది బాధ్యత ఎవరిదో కాగితం మీద ఎక్కడా రాసి లేదు.

ఆఫ్రికాలోనూ ఇదే దారి నడిచారు. 1997లో ప్రపంచ బ్యాంకు ఆఫ్రికన్ వర్చువల్ యూనివర్సిటీ మొదలుపెట్టింది, బయటి దేశాల యూనివర్సిటీల పాఠాలు ఉపగ్రహం మీద పంపేవాళ్లు. తర్వాత దాన్ని నైరోబీకి మార్చి, అక్కడి యూనివర్సిటీల వాళ్లే పాఠాలు తయారుచేసుకునే దారికి వచ్చారు. దూరం నుంచి వచ్చిన పాఠానికి, పిల్లాడు లేచి "సార్ ఇది అర్థం కాలేదు" అంటే వినపడదు కదా. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే, ఇప్పుడు అంబేద్కర్ గారి పేరు మీద ఉంది. పుస్తకాలు ఇంటికి పంపించి ఊరుకోలేదు వాళ్లు, స్టడీ సెంటర్లు పెట్టి సెలవురోజుల్లో క్లాసులు నడిపారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పెళ్లై చదువు ఆగిపోయిన ఆడవాళ్లు ఆ క్లాసుల వల్లే గట్టెక్కారు.

అందుకని కన్వీనర్ బాబూ, సర్వర్ కొనేముందు మూడు సంగతులు ప్రిన్సిపాల్ చేత ఆర్డర్ రాయించుకో. ఆ డబ్బా పాడైతే చూసుకునేది ఎవరు, అతను సెలవు పెడితే ఎవరు. ప్రతి సబ్జెక్టుకి వారంలో ఏ రెండు గంటలు పిల్లల ప్రశ్నలకి జవాబు చెప్పేది, ఆ రెండు గంటలూ టీచర్ టైమ్‌టేబుల్లో క్లాసుగా లెక్కపడాలి, ఇంటికెళ్లాక చేసే ఊరికే సేవగా కాదు. పిల్లాడు పది రోజులు కనపడకపోతే ఇంటికి ఫోన్ చేసేది ఎవరు.

భాష గురించి అడిగావు. మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలో బడి పెట్టి, వాచకాలు రాసి, 1931లో ఇంగ్లీషులో ఆ భాషకి వ్యాకరణం అచ్చువేయించారు. ఆయన దగ్గర కంప్యూటర్ లేదు, సవర వాళ్లని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. మీ ప్లాట్‌ఫామ్‌లో బటన్లన్నిటికీ నాలుగు భాషల అనువాదం కంటే ముందు, ప్రతి పాఠానికీ ఒక పదకోశం పెట్టండి. ఇంగ్లీషు మాట, పక్కన ఒడియా, తెలుగు, పిల్లలే సవర మాట చెప్తే అదీ. సవరకి సొరంగ్ సొంపెంగ్ అని సొంత లిపి ఉంది, 1936లో మంగేయి గొమాంగో గారు చేసింది, 2012లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఆ లిపి రాయగలిగే పిల్లాడు మీ క్లాసులోనే ఉండొచ్చు, అడిగి చూడండి.

లైవ్ విషయంలో మాత్రం నేను మీతో ఒప్పుకోను. రికార్డు విన్నప్పుడు సందేహం రాదు, మనిషి గొంతు ఎదురుగా ఉన్నప్పుడే వస్తుంది. వారానికి అరగంటైనా లైవ్ ఉండాలి.


విశాఖ_కోడర్:

మాస్టారూ, అరగంట లైవ్ సరే, కానీ వీడియో లేకుండా గొంతు మాత్రమే, చెల్లెమ్మ చెప్పిన కెమెరా ఇబ్బంది కూడా ఉండదు. రాలేకపోయినవాళ్లకి తప్పు పడకూడదు, దాని రికార్డు ఆ రాత్రికే పెట్టాలి. సిరొంచ సార్, మార్కులు కలపడం మూడల్‌లో నేరుగా లేదు, మీరు చేస్తున్న ఎక్సెల్ పద్ధతే ప్రస్తుతానికి నమ్మకమైనది. రోల్ నంబర్ రెండుచోట్లా ఒకేలా ఉండేట్టు చూసుకోండి, సగం గొడవలు అక్కడే వస్తాయి.

ఓటీపీ సంగతి నాకు నిజంగా తట్టలేదు చెల్లీ. మేం ఆఫీసులో కూర్చుని అందరి ఫోన్ అందరి చేతిలో ఉంటుందనుకుని కోడ్ రాసేస్తాం. నేను చేసేదాంట్లో ఓటీపీ ఉండదు, యాప్ కూడా కాదు, బ్రౌజర్‌లోనే ఆఫ్‌లైన్ పనిచేసే పేజీ.


గుణుపురం_లెక్చరర్:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇన్ని రోజులు రిప్లై ఇవ్వనందుకు ఏమనుకోవద్దు, ఇవన్నీ పట్టుకుని కమిటీలో కూర్చున్నాను. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్ స్వయం ఉండగా మనకెందుకు అని ఒకాయన అడిగారు. స్వయం 2017 నుంచి ఉంది, 2021 యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు అందులో చేయొచ్చు, చేయగలిగిన పిల్లలు చేయనీండి, మేమూ సాయం చేస్తాం. కానీ అక్కడి పాఠం వినడానికీ ఇంగ్లీషూ నెట్టూ రెండూ కావాలి, మా పిల్లల్లో చాలామందికి ఆ రెండూ ఒకేసారి దొరకవు. ఇది చెప్పాక ఇంకెవరూ మాట్లాడలేదు. కంపెనీ వాళ్లని పాఠాలు, మార్కులు ఏ రూపంలో తిరిగిస్తారని ఉత్తరం రాసి అడిగాం, ఇప్పటిదాకా జవాబు లేదు.

సిరొంచ సార్ చెప్పిన డబ్బా తెప్పించాం, లైబ్రరీ బయట మెట్ల పక్కన పెట్టాం. ప్రిన్సిపాల్ గారు బరంపురం మాస్టారి మూడు సంగతుల్లో రెండింటికి ఆర్డర్ ఇచ్చారు, టీచర్ గంటల లెక్క మాత్రం ఇంకా తేలలేదు, నేను వదలను. పాత క్వశ్చన్ పేపర్లు మొదటి రోజే ఎక్కించాం, చెల్లెమ్మ చెప్పింది నిజం, ఆ మధ్యాహ్నం మెట్ల మీద నిలబడే చోటు లేదు.

కోడర్ బాబు పంపిన అప్‌లోడ్ పేజీ శనివారం పరీక్షించాను. ఆ అమ్మాయి ఇప్పుడు బీఈడీ చేస్తోంది, పాత నోట్‌బుక్ ఇంకా దాచుకుంది. అడిగితే ఆరు పేజీలూ తనే మళ్లీ ఫోటోలు తీసి తీసుకొచ్చింది. ప్యాసింజర్ రైల్లో పర్లాకిమిడి బయల్దేరాం, దారిలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి సరిగ్గా సరిపోతుందనుకున్నాను. స్టేషన్లో పంపడం మొదలెట్టింది. రైలు ఊరు దాటగానే "మొత్తం 6, చేరినవి 3" దగ్గర ఆగింది. నా ఫోన్‌లోనూ అదే అంకె. తను ఫోన్ ఆపేసి సంచిలో పెట్టేసింది. కాశీనగర్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఆన్ చేసి ఆ పేజీ తెరిచింది, ఇంకేమీ నొక్కలేదు, దానంతటదే మొదలై నాలుగు అయింది. నేను నాలుగో పేజీ తెరిచాను. చింతపండు ధర, స్కేలు గీత, అంచున చేట అల్లిక, మళ్లీ దాని మీదే పెట్టి తీసిందంట. తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది, నేనూ ఏం మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు మా దగ్గర అక్రుతి ఫాంట్‌లో టైప్ చేసిన పాత ఒడియా నోట్స్ రెండు బీరువాల సీడీల్లో ఉన్నాయి. అవి యూనికోడ్‌లోకి తప్పుల్లేకుండా మార్చే పద్ధతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి. మా స్టూడెంట్స్ ఇద్దరు కూర్చుని ప్రూఫ్ చూస్తామంటున్నారు.